ఇంగ్లండ్ సముద్రతీర పట్టణాల్లో మనుషుల్ని ఫొటో తీయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా మే నెల వచ్చేసరికి ఇవే సందేహాలు మళ్లీ మొదలవుతాయి. బ్లాక్‌పూల్, స్కెగ్నెస్, మార్గేట్, స్కార్‌బరో, సౌత్ఎండ్ లాంటి పాతకాలపు విహార పట్టణాల్లో జనాన్ని డాక్యుమెంటరీగా తీయాలనుకునే తెలుగువాళ్ల కోసం వాటిని ఒకచోట చేర్చాం. అక్కడే చదువుకుంటున్నవాళ్లకీ, ఉద్యోగం చేస్తున్నవాళ్లకీ, కొద్దిరోజులకు వెళ్లేవాళ్లకీ పనికొస్తాయి. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే విడిగా చదువుకోవచ్చు.

## బయల్దేరే ముందు

ఇన్ని ఊళ్లున్నాయి, ఏది ఎంచుకోవాలి?

ఒక్కటే ఎంచుకుని, అక్కడికే మళ్లీ మళ్లీ వెళ్లండి. అయిదు ఊళ్లు ఒక్కోసారి చూసి వస్తే మిగిలేది పోస్టుకార్డులే.

జనం, హడావుడి, పాతకాలపు వినోదం అన్నీ ఒకేచోట కావాలంటే బ్లాక్‌పూల్. 1863, 1868, 1893లలో కట్టిన మూడు పియర్లు (ఒడ్డు నుంచి సముద్రంలోకి కట్టిన పొడవాటి వేదికలు), 1894లో తెరిచిన టవర్, సముద్రం వెంటే నడిచే ట్రాములు ఇంకా ఉన్నాయి. ఒకప్పుడు లాంకషైర్ నూలు మిల్లులు ఏటా ఒక్కో ఊరికి ఒక్కో వారం చొప్పున మూసేస్తే, ఊరు ఊరంతా ఇక్కడికి దిగేది. స్కెగ్నెస్‌కు నాటింగ్‌హామ్, లెస్టర్ వైపు కుటుంబాలు ఎక్కువ. బట్లిన్స్ మొదటి హాలిడే క్యాంపు 1936లో మొదలైంది ఇక్కడే. రెండు కిలోమీటర్లు దాటిన పియర్ ఉన్న సౌత్ఎండ్‌కు తూర్పు లండన్, ఎసెక్స్ జనం వస్తారు. మార్గేట్‌లో 2011లో టర్నర్ కాంటెంపరరీ గ్యాలరీ వచ్చాక పాత ఆర్కేడ్లూ (నాణేలు వేసి ఆడే మెషీన్ల హాళ్లు) కొత్త కాఫీ షాపులూ పక్కపక్కనే నడుస్తున్నాయి. మారుతున్న ఊరిని తీయాలనుకుంటే అది మంచి చోటు.

బ్రైటన్‌ను ఇప్పటికే అందరూ తీసేశారు. విట్బీలో గాత్ వీకెండ్ రోజుల్లో నల్ల గౌన్లు, టోపీలు వేసుకున్నవాళ్లు కెమెరా కనిపిస్తే చాలు, పోజిస్తారు. ఫొటోలు సులభంగానే వస్తాయి గానీ పక్కవాడి కెమెరాలోనూ అవే ఉంటాయి.

మామూలు బీచ్ ఫొటోకీ డాక్యుమెంటరీకీ తేడా ఏమిటి?

బొమ్మ చూస్తే అది ఏ ఊరో, ఏ కాలమో, ఆ మనుషులు అక్కడ ఏం చేస్తున్నారో తెలియాలి. దృశ్యాన్ని మీరు అమర్చకూడదు. ఒక్క ఫొటో ఎంత బాగున్నా సరిపోదు, వరుసగా చూసినప్పుడు ఆ చోటి జీవితం కనబడాలి. సూర్యాస్తమయంలో నీడలా నిలబడ్డ జంట విశాఖలోనూ అలాగే ఉంటుంది, బ్లాక్‌పూల్‌లోనూ అలాగే ఉంటుంది. అదే జంట గాలికి అడ్డుగా గుడ్డతెర పాతుకుని, కోట్లు విప్పకుండా ఐస్‌క్రీమ్ తింటుంటే అది ఇంగ్లండే.

ముందుగా ఎవరి పని చూడాలి?

నలుగురు చాలు. పాల్ మార్టిన్ 1892లోనే గ్రేట్ యార్మత్ ఇసుకలో, చూసేవాళ్లకు కెమెరా అని తెలియని పెట్టెతో జనాన్ని తీశాడు. హంఫ్రీ స్పెండర్ 1937 ప్రాంతంలో మామూలు జనం జీవితాన్ని నమోదు చేసిన మాస్ అబ్జర్వేషన్ బృందం తరఫున బోల్టన్ కార్మికుల్నీ, వాళ్లు సెలవులకు వెళ్లే బ్లాక్‌పూల్‌నీ తీశాడు. టోనీ రే జోన్స్ 1960ల చివర్లో చేసిన పనిలో, ఒకే ఫ్రేములో నాలుగైదు కథలు ఒకదానికొకటి అడ్డు రాకుండా ఎలా ఇముడుతాయో చూడండి. మార్టిన్ పార్ 1983 నుంచి 1985 వరకు లివర్‌పూల్ దగ్గరి న్యూ బ్రైటన్‌లో రంగుల్లో, పట్టపగలు ఫ్లాష్‌తో తీశాడు. చూడండి, కాపీ మాత్రం కొట్టకండి. ఫ్లాష్ వెలుగులో చిప్స్ తింటున్న నోళ్లు ఇప్పటికే లోకంలో కావలసినన్ని ఉన్నాయి.

ఏ నెలలో, ఏ రోజున వెళ్లాలి?

జనం కావాలంటే బ్యాంక్ హాలిడే (ప్రభుత్వ సెలవు) సోమవారాలు: మే మొదటిది, మే చివరిది, ఆగస్టు చివరిది. బడుల వేసవి సెలవులు జులై చివర నుంచి సెప్టెంబర్ మొదటి రోజుల దాకా. వాతావరణ సూచనలో ఎండ అని ఉండి, అది శని, ఆదివారాల్లో పడితే ఉదయం 10 గంటలకే రైళ్లు కిక్కిరిసిపోతాయి, అంతకు ముందే దిగండి.

జూన్‌లో మామూలు రోజుల్లో పింఛనుదారులు కోచ్ బస్సుల్లో వస్తారు. వాళ్లు తీరిగ్గా కూర్చుంటారు, మాట్లాడతారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇదే మంచి సమయం. బ్లాక్‌పూల్ దీపాలంకరణ ఆగస్టు చివర్లో మొదలై చలికాలంలోకి సాగుతుంది కాబట్టి రాత్రి ఫొటోలకు అక్టోబర్ బాగుంటుంది. జనవరిలో ఊరు సగం మూసి ఉంటుంది. కుక్కల్ని తిప్పేవాళ్లు, అక్కడే కాపురముండేవాళ్లు మాత్రమే కనిపిస్తారు. ఊరి అసలు మనుషుల్ని తీయాలంటే ఆ నెల కూడా కావాలి.

వర్షం పడితే ట్రిప్ వృథా అయినట్టేనా?

కాదు. ఇంగ్లిష్ సముద్రతీరం తన గుణం చూపించేదే అప్పుడు. వాన పడిందని జనం ఇంటికి పోరు. సెలవు సెలవే. ప్రామెనాడ్ (సముద్రం వెంట నడిచే దారి) మీద చెక్కబెంచీలున్న షెల్టర్లలో, బస్సుల్లో, ఆర్కేడ్లలో సర్దుకుంటారు.

కార్ల సంగతి ప్రత్యేకంగా చూడాలి. సముద్రానికి ఎదురుగా వరసగా కార్లు ఆగి ఉంటాయి. ఒక్కో కారులో ఇద్దరు పెద్దవాళ్లు. డాష్‌బోర్డు మీద ఫ్లాస్కు మూత, అందులోంచి లేచే ఆవిరికి అద్దం కింది అంచు మసకబారి ఉంటుంది. ఒడిలో రేకు కాగితంలో చుట్టిన శాండ్‌విచ్. ఒకరు పేపరు చదువుతుంటారు, ఇంకొకరు ఏమీ కనిపించని సముద్రాన్నే చూస్తుంటారు. దీన్ని తీయడానికి అద్దంలో ఆకాశం ప్రతిబింబం అడ్డు. పోలరైజర్ (ప్రతిబింబాల్ని తగ్గించే ఫిల్టర్) తగిలించి, అద్దానికి సుమారు 35 డిగ్రీల కోణంలో నిలబడి తిప్పితే చాలావరకు పోతుంది. ఒకటిన్నర, రెండు స్టాపుల వెలుగు (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగం) పోతుంది కాబట్టి ఐఎస్ఓ పెంచుకోండి. పక్క కిటికీల గట్టిపరిచిన గాజులో పోలరైజర్ వల్ల మచ్చల్లాంటి డిజైన్లు కనబడతాయి, ముందు అద్దంలో ఆ బెడద తక్కువ. కారు కూడా వాళ్ల ఇల్లులాంటిదే. కిటికీ దగ్గరికి వెళ్లి, కెమెరా చూపించి, తలూపి, సరే అన్నాకే తీయండి.

అలల టైమ్‌టేబుల్ చూసుకోవాలంటారు, ఫొటోలకు దాంతో పనేమిటి?

చాలా ఉంది. మన తూర్పు తీరంలో పోటుకూ పాటుకూ ఎత్తులో తేడా పెద్దగా ఉండదు కాబట్టి మనం దాన్ని పట్టించుకోం. బ్లాక్‌పూల్ వైపు పెద్ద పోటు రోజుల్లో ఆ తేడా 8 మీటర్లు దాటుతుంది. పాటు సమయంలో ఇసుక మైదానంలా పరుచుకుంటే జనం చుక్కల్లా చెదిరిపోతారు. పోటు వస్తే ఇసుకే మిగలదు, అందరూ మెట్ల మీదికి, గోడ మీదికి, ప్రామెనాడ్ మీదికి చేరతారు. గుంపులు, ఒకరి మీద ఒకరు పడే కూర్పులు కావాలంటే పోటుకు గంటన్నర ముందు మెట్ల దగ్గర నిలబడండి. వెనక్కి జరుగుతున్న కుటుంబాలు, తడుస్తున్న తువ్వాళ్లు, కూలుతున్న ఇసుక కోటలు అన్నీ అక్కడికే వస్తాయి.

పోటుకూ పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పట్టికలోని సమయం గ్రీనిచ్ టైమా, వేసవి టైమా అన్నది ముందే చూసుకోండి, లేకపోతే గంట తేడా వస్తుంది. వెస్టన్ సూపర్ మేర్ దగ్గర పాటు సమయంలో బయటపడేది బురద. మోర్‌కమ్ బే ఊబి ఇసుక ప్రాణాలు తీస్తుంది, 2004లో 20 మందికి పైగా అక్కడ పోటుకు చిక్కి చనిపోయారు. ఫ్రేము కోసం తెలియని చోట ఇసుకలో దూరంగా నడవకండి. ఎవరైనా చిక్కుకుంటే 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్‌ను అడగాలి.

స్టూడెంట్ వీసా మీద ఉన్నాను. ఈ ఫొటోలు అమ్ముకోవచ్చా?

వద్దు. స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధికి అనుమతి లేదు, ఫ్రీలాన్సుగా ఫొటోలు అమ్మడం అందులోకే వస్తుంది. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు కూడా అక్కడ పనిచేసి సంపాదించకూడదు. సొంత ప్రాజెక్టుగా తీసుకోవడానికి అడ్డేమీ లేదు.

## కెమెరా, లెన్స్, వెలుగు

నా దగ్గర 70-200 జూమ్ ఉంది, అది తీసుకెళ్తే సరిపోతుందా?

ఇంట్లో వదిలేయండి. బీచ్‌లో అర్ధనగ్నంగా ఉన్నవాళ్లను దూరం నుంచి పొడుగు లెన్సుతో తీయడం చూసేవాళ్లకు దొంగచూపులాగే కనిపిస్తుంది, గొడవలూ అక్కడే మొదలవుతాయి. పైగా ఆ లెన్సు వెనక దృశ్యాన్ని మసక చేసి ఊరిని తుడిచేస్తుంది. ఫుల్ ఫ్రేములో 28 లేదా 35 ఎంఎం వాడండి. మనిషికి రెండు, రెండున్నర మీటర్ల దూరంలో ఉంటే ముఖం, చేతిలో వస్తువు, వెనక పియర్ మూడూ పడతాయి. అంత దగ్గరగా ఉన్నవాణ్ని ఎవరూ దొంగ అనుకోరు.

ఫోకస్ అయ్యేలోపు క్షణం జారిపోతోంది. ఏం చేయాలి?

ఆటోఫోకస్ ఆపేసి దూరాన్ని ముందే బిగించండి. 28 ఎంఎం లెన్సు, ఎఫ్ 8, ఫోకస్ 2.5 మీటర్ల దగ్గర పెడితే ఫుల్ ఫ్రేములో 1.4 మీటర్ల నుంచి 10 మీటర్ల దాకా పనికొచ్చేంత స్పష్టంగా ఉంటుంది. 35 ఎంఎం అయితే ఎఫ్ 11కి వెళ్లండి, 1.5 నుంచి 7.5 మీటర్లు వస్తుంది. నడిచేవాళ్లకు 1/250, నీళ్లు చల్లుకునే పిల్లలకు 1/500 కన్నా తగ్గకండి. మబ్బు పట్టిన రోజు ఐఎస్ఓ 400, ఎఫ్ 8, 1/250తో మొదలుపెట్టి వెలుగును బట్టి ఐఎస్ఓ మార్చుకోండి.

మధ్యాహ్నం ఎండలో తీయకూడదు కదా?

ఆ సూత్రం మన ఊళ్లకు. విశాఖలో జూన్ మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, కళ్ల కింద నీడలు పడతాయి. బ్లాక్‌పూల్‌లో అదే రోజు 60 డిగ్రీల ఎత్తు దాటడు. సెప్టెంబర్ చివర్లో 36 డిగ్రీలే. అంటే మధ్యాహ్నం కూడా వెలుగు పక్కనుంచే వస్తుంది, కాబట్టి రోజంతా పనిచేయొచ్చు.

ఏ దిక్కు తీరమో మాత్రం చూసుకోవాలి. స్కెగ్నెస్, స్కార్‌బరో తూర్పు తీరాలు, సముద్రం వైపు చూస్తూ కూర్చున్నవాళ్ల ముఖాల మీద పొద్దున వెలుగు పడుతుంది. బ్లాక్‌పూల్ పడమటి తీరం, అక్కడ అదే వెలుగు మధ్యాహ్నం దాటాక వస్తుంది. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా పొద్దు ఉంటుంది కాబట్టి సాయంత్రం భోజనం చేసి మళ్లీ రావొచ్చు.

పగటిపూట ఫ్లాష్ ఎందుకు వాడతారు? ఎలా?

మబ్బు రోజు ఆకాశం తెల్లగా, ముఖాలు బూడిదరంగులో వస్తాయి. ఫ్లాష్ పడితే ముందున్న మనిషి రంగులు పైకి లేస్తాయి, ఆకాశానికి కాస్త ముదురు రంగు వస్తుంది. ఐఎస్ఓ 200, 1/200, ఎఫ్ 8 పెట్టి, గైడ్ నంబర్ (ఫ్లాష్ శక్తి కొలత) 20 ఉన్న చిన్న ఫ్లాష్‌ను రెండు మీటర్ల దూరంలో పావు, సగం పవర్ మధ్య వాడి చూడండి. చుట్టూ వెలుగు ఒక స్టాపు తగ్గి మనిషి విడిగా కనిపిస్తాడు.

గట్టి ఎండలో చిన్న ఫ్లాష్ చాలదు. 1/200 దగ్గర ఎఫ్ 16కి వెళ్లాలి, అక్కడ పూర్తి పవర్‌లో కూడా అది రెండు మీటర్ల దాకా అందదు. హై స్పీడ్ సింక్ (ఇంకా వేగమైన షటర్‌తో ఫ్లాష్ వాడనిచ్చే అమరిక) పెడితే పవర్ ఇంకా పడిపోతుంది. లెన్సులోనే షటర్ ఉన్న కెమెరాలకు ఈ తిప్పలు తక్కువ, 1/500లో కూడా పూర్తి ఫ్లాష్ అందుతుంది. మార్టిన్ పార్ న్యూ బ్రైటన్‌లో వాడిన ప్లాబెల్ మకీనా అలాంటిదే. పసిపిల్లల కళ్లలోకి, గాడిదల ముఖాల మీదికి ఫ్లాష్ కొట్టకండి.

ఉప్పుగాలికి, ఇసుకకి కెమెరా పాడవదా?

జాగ్రత్త లేకపోతే పాడవుతుంది. ఇసుక మీద లెన్సు మార్చొద్దు. మార్చాల్సి వస్తే షెల్టర్‌లోకో, కేఫ్‌లోకో వెళ్లండి. ముందు అద్దం మీద ఉప్పు తుంపర ఎండితే ఎదురు వెలుగులో పొగలా కనిపిస్తుంది. దాన్ని పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. ముందు బ్లోయర్‌తో ఊది, లెన్స్ ద్రవంతో తడిపిన గుడ్డతో తుడవండి. యూవీ ఫిల్టర్ వాడటం మీద వేరేచోట వాదించుకోవచ్చు గానీ సముద్రం దగ్గర అది ఉండాల్సిందే. సాయంత్రం మంచినీళ్లలో పిండిన గుడ్డతో బాడీ అంతా, ముఖ్యంగా డయల్స్ చుట్టూ తుడవాలి.

చలి గాలిలోంచి వెచ్చటి ఆర్కేడ్‌లోకి వెళ్లగానే లెన్సుకు ఆవిరి పట్టేస్తుంది. లోపలికి వెళ్లే ముందే కెమెరాను జిప్ కవర్లో పెట్టి, పావుగంట ఆగి తీయండి.

ఫిల్మ్ మీద తీయొచ్చా?

తీయొచ్చు. ఐఎస్ఓ 400 అన్ని రోజులకూ సరిపోతుంది. విమానాశ్రయాల్లో కొత్తరకం సీటీ స్కానర్లు ఫిల్మును పొగచూరినట్టు చేస్తాయి కాబట్టి చేత్తో తనిఖీ చేయమని అడగండి.

## చట్టం, అనుమతులు

అడగకుండా ముక్కూ మొహం తెలియనివాళ్లను ఫొటో తీయడం అక్కడ నేరమా?

కాదు. బహిరంగ ప్రదేశంలో నిలబడి, కనిపించేదాన్ని తీయడానికి ఇంగ్లండ్‌లో ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ హద్దులున్నాయి. ఒకే మనిషిని వెంటపడి తీస్తే 1997 నాటి వేధింపుల నిరోధక చట్టం కిందికి రావొచ్చు. బట్టల కిందినుంచి తీయడం 2019 నుంచి ప్రత్యేక నేరం. బట్టలు మార్చుకునే గదులు, మరుగుదొడ్లు, ప్రథమ చికిత్స గుడారం లాంటి చోట్ల కెమెరా బయటికి తీయకండి.

పియర్ మీద సెక్యూరిటీవాళ్లు ఆపేశారు. వాళ్లకు ఆ హక్కు ఉందా?

చాలా పియర్లు, అన్ని ఆర్కేడ్లు, వినోద పార్కులు ప్రైవేటు ఆస్తి. జనాన్ని రానిచ్చినా యజమాని మాటే చెల్లుతుంది. తీయొద్దంటే ఆపాలి, వెళ్లమంటే వెళ్లాలి. కెమెరా లాక్కోవడానికి, ఫొటోలు చెరిపించడానికి మాత్రం వాళ్లకు హక్కు లేదు. రెండు, మూడు రోజులు అక్కడే పనిచేయాలనుకుంటే ముందే మేనేజర్‌కు ఈమెయిల్ పెట్టండి. ప్రాజెక్టు గురించి నాలుగు వాక్యాలు, పాత ఫొటోలు అయిదు జతచేస్తే చాలు. వచ్చిన జవాబును ప్రింటు తీసి జేబులో ఉంచుకోండి.

పోలీసు వచ్చి ఫొటోలు డిలీట్ చేయమంటే?

చెరిపించే అధికారం అక్కడికక్కడ పోలీసుకు లేదు. ఉగ్రవాదానికి సంబంధించి సహేతుకమైన అనుమానం ఉంటే 2000 నాటి చట్టం 43వ సెక్షన్ కింద ఆపి సోదా చేయొచ్చు, ఫొటోలు చూడొచ్చు, సాక్ష్యం అనుకుంటే స్వాధీనం చేసుకోవచ్చు. శాంతంగా ఏ అధికారం కింద అడుగుతున్నారో కనుక్కోండి. చాలాసార్లు ఎవరో ఫిర్యాదు చేశారని వచ్చి ఉంటారు, తీసినవి చూపిస్తే వెళ్లిపోతారు.

పిల్లలు ఫ్రేములో పడితే?

తీయడం దానంతటదే నేరం కాదు. కానీ ఈ ఒక్క విషయంలో చట్టం కన్నా నాలుగడుగులు వెనకే ఉండండి. బట్టల్లేని, లోదుస్తుల్లో ఉన్న పిల్లల్ని అసలు తీయకండి. పిల్లవాడే ముఖ్యమైన ఫొటో అయితే పక్కనున్న అమ్మనో నాన్ననో ముందు అడగండి. గుంపులో ఒకరుగా పడితే ఫరవాలేదు. పెద్దవాళ్లు వద్దంటే అక్కడే వాళ్ల కళ్లముందే చెరిపేయండి. చట్టం అడగదు, మర్యాద అడుగుతుంది. బడి పేరు, ఇంటి పేరు క్యాప్షన్లో రాయొద్దు.

## ఒడ్డున, జనం మధ్య

ముందు అడిగి తీయాలా, తీశాక చెప్పాలా?

అడిగితే క్షణం పోతుంది, అడగకపోతే నమ్మకం పోతుంది. నడిచే దారిలో, గుంపులో, చకచకా జరిగేవాటిలో ముందు తీసి, కళ్లు కలిస్తే నవ్వి చెప్పండి. కూర్చున్నవాళ్ల దగ్గర, ముఖ్యంగా గుడ్డతెర లోపల ఉన్న కుటుంబం దగ్గర ముందే అడగండి, ఆ తెర వాళ్ల గోడ. అడిగాక అందరూ పళ్లు బయటపెట్టి పోజిస్తారు. ఒకటి తీసి థాంక్స్ చెప్పి, కదలకుండా అక్కడే ఉండండి. అయిదు నిమిషాల్లో మళ్లీ శాండ్‌విచ్‌లు పంచుకోవడంలో పడతారు, మీకు కావలసింది అప్పుడు వస్తుంది.

ఏం మాట్లాడాలో తెలియదు. ఎలా మొదలుపెట్టాలి?

వాతావరణంతో. గాలి బాగా వీస్తోంది కదూ అంటే చాలు, ఇంగ్లిష్‌వాళ్లు అయిదు నిమిషాలు మాట్లాడతారు. తర్వాత ఏ ఊరినుంచి వచ్చారు, ఏటా వస్తారా అని అడగండి. 'నా చిన్నప్పుడు మా తాతతో ఇక్కడికే వచ్చేవాణ్ని' అనే జవాబు చాలామంది నుంచి వస్తుంది. క్యాప్షన్‌కు అదే మూలం. ఉత్తరాన మిమ్మల్ని ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా 'లవ్' అని పిలుస్తారు, అది పలకరింపు మాత్రమే. ప్రాజెక్టు ఏమిటంటే ఒక్క వాక్యంలో చెప్పగలగాలి: ఈ ఊళ్లో జనం సెలవు ఎలా గడుపుతారో తీస్తున్నాను.

నేను భారతీయుణ్ని, ఒంటరిగా కెమెరాతో తిరుగుతుంటే అనుమానంగా చూడరా?

ఒక్కోసారి చూస్తారు, లేదనడం అబద్ధం. ఒంటరి మగవాడు, కెమెరా, బీచ్ అంటే రంగు ఏదైనా అనుమానమే. మన రంగు దానికి తోడవుతుంది. దాక్కోకపోవడమే మందు. కెమెరా మెడలో కనబడేలా ఉంచండి, నల్లకళ్లద్దాలు తీసేయండి, ఒకే చోట గంటసేపు కనిపించండి. ఐస్‌క్రీమ్ బండివాణ్ని, డెక్ కుర్చీలు అద్దెకిచ్చేవాణ్ని, లైఫ్‌గార్డును ముందే పలకరిస్తే ఎవరైనా అడిగినప్పుడు మీ తరఫున వాళ్లే చెబుతారు. ఫోన్‌లో పది మంచి ఫొటోలు ఆల్బంగా పెట్టుకోండి, మాటల కన్నా అవే త్వరగా పనిచేస్తాయి. ఇద్దరు కలిసి వెళ్తే సగం సమస్య తీరుతుంది. అమ్మాయి అయితే ఇంకా సులువు.

ఎవరైనా కోప్పడి మీదికి వస్తే?

కెమెరా కిందికి దించండి. చట్టం నా వైపే ఉంది అని వాదించకండి, ఉన్నా సరే. సారీ చెప్పి, ఫొటో చూపించి, చెరిపేయమంటే చెరిపి, అక్కడినుంచి కదలండి. తాగి ఉన్నారనిపిస్తే ఫొటో చూపించడానికి కూడా ఆగొద్దు.

పెళ్లికి ముందు పార్టీలకు వచ్చి తాగి తూలుతున్న గుంపుల్ని తీయొచ్చా?

సాయంత్రం ఆరు లోపు వాళ్లే పిలిచి తీయించుకుంటారు. రాత్రి పదకొండుకు రోడ్డు పక్కన కూలబడ్డవాళ్లను తీయడానికి ధైర్యం అక్కర్లేదు, అందులో కొత్తగా చెప్పేదీ లేదు. వదిలేయండి.

ఆర్కేడ్ లోపల ఫొటోల్లో అడ్డచారలు వస్తున్నాయి, ఎందుకు?

అక్కడి దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి, ఎలక్ట్రానిక్ షటర్ పెడితే చారలు పడతాయి. మెకానికల్ షటర్‌తో 1/100 లేదా 1/50లో తీయండి. కొన్ని ఎల్ఈడీలు ఇంకా వేగంగా మిణుకుతాయి, వాటికి కెమెరాలో హై ఫ్రీక్వెన్సీ యాంటీ ఫ్లికర్ ఉంటే వాడి చూడండి. అనుమతి దొరికితే 2 పెన్నీల నాణేల్ని నెట్టే మెషీన్ల దగ్గర నిలబడండి. కింది నుంచి వచ్చే వెలుగు ముఖాన్ని పట్టుకుంటుంది, అంచున వేలాడే నాణెం పడుతుందా లేదా అని చూసే కళ్లు మిమ్మల్ని పట్టించుకోవు. ఒక చేతిలో ప్లాస్టిక్ గిన్నె, ఇంకో చేతి వేళ్లు నాణేల మట్టికి నల్లగా ఉంటాయి. ఆ వేళ్లను తప్పకుండా తీయండి.

గాడిదలు, డెక్ కుర్చీలు, చిప్స్… అంతా చూసిందే. కొత్తగా ఏం తీయాలి?

వస్తువు పాతదే, దాని చుట్టూ పని కొత్తది. బ్లాక్‌పూల్ గాడిదలకు శుక్రవారం సెలవు, గురువారం సాయంత్రం వాటిని లారీ ఎక్కించే మనుషుల్ని తీయండి. బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ ఇళ్లలో పొద్దున పక్కదుప్పట్లు మార్చేవాళ్లు, బింగో నంబర్లు పిలిచేవాళ్లు, చిప్స్ షాపు వెనక బంగాళదుంపల సంచులు మోసేవాళ్లు, బ్యాటరీ బండ్ల మీద పియర్ చివరిదాకా వెళ్లే పెద్దవాళ్లు ఉన్నారు. ఇప్పుడు లెస్టర్ నుంచీ, బ్రాడ్‌ఫర్డ్ నుంచీ వచ్చే దక్షిణాసియా కుటుంబాలు స్టీలు డబ్బాల్లో అన్నం విప్పుకుంటాయి. పాత ఆల్బముల్లో లేని ఇంగ్లండ్ ఇది, ఆ డబ్బా దగ్గర కూర్చోవడానికి మీకే ఎక్కువ చనువుంటుంది.

## తిరిగొచ్చాక

మొహాలన్నీ టొమాటోల్లా ఎర్రగా వచ్చాయి. ఎలా సరిచేయాలి?

తెల్లటి చర్మం ఎండకు కమిలితే రెడ్ ఛానల్ ముందుగా తెగిపోతుంది. రా ఫైల్‌లో తీసి, తటస్థ ప్రొఫైల్‌తో మొదలుపెట్టి, ఎరుపు, నారింజ సాచురేషన్ 10 నుంచి 15 తగ్గించండి. మొత్తం పోగొట్టకండి, ఆ కమలడం కూడా ఆ రోజు నిజమే. తీసేటప్పుడే రెడ్ హిస్టోగ్రామ్ చూస్తే తర్వాత తిప్పలు తగ్గుతాయి. తెల్లటి ఆకాశం మీటరును మోసం చేసి ముఖాల్ని చీకటి చేస్తుంది, అప్పుడు ఒక స్టాపు దాకా పెంచి తీయాలి.

రంగులా, నలుపు తెలుపా?

రంగులే. ప్లాస్టిక్ బకెట్లు, గుడ్డతెరల చారలు, గులాబీ రంగు రాక్ మిఠాయి రంగులోనే మాట్లాడతాయి. నలుపు తెలుపు పెడితే 2020ల ఫొటో 1960ల వేషం వేసుకున్నట్టుంటుంది. చలికాలపు ఖాళీ ఊరికి మాత్రం ఆలోచించొచ్చు.

వేలకొద్దీ ఫొటోలున్నాయి, ఎలా ఏరాలి?

వారం ఆగి చూడండి, తీసిన రోజు ఉత్సాహం కళ్లు కప్పేస్తుంది. మొదటి విడతలో 200, చిన్న సైజు ప్రింట్లు తీసి నేలమీద పరిచి 60, చివరికి 30 నుంచి 40. ఒకే మాట రెండుసార్లు చెప్పే ఫొటోల్లో ఒకటి తీసేయండి. వరుస పెట్టేటప్పుడు తేదీల ప్రకారం కాకుండా, దూరం, దగ్గర, గుంపు, ఒంటరి మారేలా చూడండి. ప్రతి ఫొటోకూ ఊరు, చోటు, నెల, సంవత్సరం ఫైల్‌లోనే రాసిపెట్టండి. రెండు డిస్కులు, ఇంటి బయట మూడో కాపీ.

## నలుగురికీ చూపించేటప్పుడు

మోడల్ రిలీజ్ (ఫొటో వాడుకోవడానికి అందులోని మనిషి ఇచ్చే రాతపూర్వక అంగీకారం) సంతకం కావాలా?

ప్రదర్శన, పుస్తకం, పత్రికా వ్యాసం లాంటివాటికి మామూలుగా అక్కర్లేదు. ప్రకటనలకు, స్టాక్ ఏజెన్సీలకు వాణిజ్య వాడకానికి ఇస్తే కావాలి. ఎవరైనా తమ ఫొటో తీసేయమని రాస్తే తీసేయడమే తెలివి.

గోడమీది పెయింటింగ్ ముందు నిలబడ్డ మనిషిని తీశాను, సమస్య వస్తుందా?

భవనాలు, బహిరంగంగా శాశ్వతంగా నిలిపిన శిల్పాల ఫొటోలకు ఇంగ్లండ్ కాపీరైటు చట్టంలో మినహాయింపు ఉంది, గోడ చిత్రాలకు ఆ మినహాయింపు లేదు. వెనక యాదృచ్ఛికంగా పడితే ఫరవాలేదు. చిత్రమే ఫ్రేమంతా నిండితే అమ్మే ముందు చిత్రకారుడి అనుమతి తీసుకోండి.

పేదవాళ్లను వెక్కిరిస్తున్నారని విమర్శ వస్తే?

న్యూ బ్రైటన్ ఫొటోలకూ ఆ విమర్శ వచ్చింది, ఇప్పటికీ తేలలేదు. ఈ ఊళ్లలో చాలావాటికి పేదరికం నిజం. ఎసెక్స్ తీరంలోని జేవిక్‌లో ఒక భాగం 2010, 2015, 2019 లెక్కల్లో ఇంగ్లండ్ మొత్తం మీద అత్యంత వెనకబడిన ప్రాంతంగా నమోదైంది. చెత్తబుట్ట పక్కన తింటున్నవాణ్ని తీస్తే, ఆ చెత్తబుట్ట ఎందుకు నిండిందో చెప్పే ఫొటో కూడా మీ వరుసలో ఉండాలి. నోరు తెరిచి నమిలే క్షణం, వంగినప్పుడు జారిన బట్ట లాంటివి నవ్వు తెప్పిస్తాయి, మనిషి గురించి ఏమీ చెప్పవు. ఆ ప్రింటును ఆ మనిషి చేతికివ్వగలరా అని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి, ఇవ్వలేకపోతే పక్కన పెట్టండి.

ఫొటోలో ఉన్నవాళ్లకు ప్రింట్లు ఎలా చేర్చాలి?

అక్కడికక్కడే ఈమెయిల్ రాయించుకుని ఫైల్ పంపండి. వారంలోపు పంపితేనే విలువ. అక్కడే పనిచేసేవాళ్లకు మళ్లీ వెళ్లినప్పుడు ప్రింటు చేతికివ్వండి, తర్వాతిసారి షాపు వెనక తలుపు తెరుచుకుంటుంది. ఊరి గ్రంథాలయానికో మ్యూజియానికో వివరాలతో సహా ఒక సెట్ ఇస్తామంటే చాలాచోట్ల తీసుకుంటారు.

చిన్న పుస్తకంగా వేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఏ5 సైజు, మధ్యలో పిన్నులు కొట్టిన 36 పేజీల జీన్ (సొంతంగా వేసుకునే చిన్న పుస్తకం) సరిపోతుంది. పేజీలు నాలుగుతో భాగించేలా ఉండాలి, లేకపోతే ఖాళీ పేజీలు మిగులుతాయి. మధ్య మడత మీద ముఖం పడకుండా చూసుకోండి. లోపలి కాగితం 150 జీఎస్ఎం, అట్ట 250 పెట్టి ముందు ఒక్క కాపీ ప్రూఫ్ తెప్పించుకోండి. చర్మం రంగులు స్క్రీన్ మీద కన్నా ప్రింటులో ఒక మెట్టు ముదురుగా వస్తాయి.